ఇంటి స్టీరియోలో హై-రెజల్యూషన్ పాట: ఖర్చు లెక్క చూచుకొని మొదలుపెడదాము



ఇటీవల గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు ఒక క్రొత్త ప్రశ్న మాకు ఎదురవుతున్నది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేస్తున్న కుమారుడు క్రిస్మస్ పండుగకు ఇంటికి వస్తాడు. "నాన్నా, ఇప్పుడు పాటలు హై-రెజల్యూషన్‌లో వస్తున్నాయి. ఈ పాత స్టీరియో తీసేసి మంచి సెట్టు కొందాం. వాయిదాల మీద ఇస్తున్నారు" అంటాడు. తండ్రికి ఆ మాట సగము అర్థమవుతుంది, సగము కాదు. తల్లికి మాత్రము వాయిదాలు అనే మాట బాగా అర్థమవుతుంది. "అయ్యగారూ, ఇది మనకు అవసరమంటారా?" అని మమ్మల్ని అడుగుతారు.

ఇది చిన్న ప్రశ్న కాదు. మన సంఘములలో ఎందరో పెద్దలు అక్షరము నేర్వకపోయినా కీర్తనల ద్వారానే వాక్యము నేర్చుకొన్నారు. పాపక్షమాపణ, సిలువ, పునరుత్థానము, రెండవ రాకడ అన్నీ వారికి పాటలోనే అందినవి. అందుచేత మన ఇండ్లలో పాట ఎలా వినబడుతున్నదనేది కేవలము వినోదపు విషయము కాదు. పిల్లనగ్రోవియైనా వీణయైనా స్వరములలో తేడా తెలియకపోతే వాయించినది ఏమిటో ఎవరికి తెలుస్తుందని పౌలు భక్తుడు కొరింథీయులను అడిగాడు. బూర స్పష్టముగా మ్రోగకపోతే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని కూడ అడిగాడు (1 కొరింథీ. 14:7-8 చూడండి).

మేము చెప్పదలచినది ముందే చెప్పి, తరువాత వివరములోనికి వెళ్తాము. మాట స్పష్టముగా వినబడుటకు పెద్ద అంకెలున్న పరికరముల కంటె మంచి మూలము, సరియైన తీగ, సరియైన చోట పెట్టిన స్పీకర్లు ముఖ్యము. ఇందులో చాలా భాగము అప్పు చేయకుండానే చేయవచ్చు.

రేడియో గురగుర నుండి నేటి వరకు

నలభై, ఏబది ఏండ్లు దాటిన చదువరులకు షార్ట్‌వేవ్ రేడియో జ్ఞాపకము ఉంటుంది. హిందూ మహాసముద్రములోని సేషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 నుండి 2003 వరకు అనేక భాషలలో సువార్త ప్రసారములు చేసినది. తెలుగు కార్యక్రమములు కూడ వచ్చేవి. గురగుర శబ్దము మధ్య, పెరుగుతూ తరుగుతూ వచ్చే ఆ పాటను వినుటకు ఇంటిల్లిపాది రేడియో చుట్టూ కూర్చునేవారు. తరువాత క్యాసెట్లు వచ్చినవి. 1982లో సీడీ వచ్చినది. ఆ తరువాత ఎంపీ3, నేడు చేతిలోని ఫోను.

ఫోను వచ్చాక పాటలకు కొరత లేదు. అయితే కుటుంబమంతా కలిసి కూర్చుని వినుట మాత్రము తగ్గిపోయినది. ఒకరు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని మూలన, మరొకరు మంచము మీద. ఒకప్పుడు ఇంటి మధ్యలో గౌరవముగా నిలిచిన స్టీరియో సెట్టు అటక ఎక్కినది. ఆ సెట్టును తిరిగి క్రిందికి దించి ఫోనుతో కలిపితే ఇంటిల్లిపాది మరల ఒకచోట కూర్చుని వినవచ్చు.

హై-రెజల్యూషన్ అనగా ఏమిటి?

పంట కాలువ తూము దగ్గర నీటి మట్టము కొలిచే బద్దను మీరు చూచియుంటారు. లస్కరు రోజుకు ఒక్కసారి మాత్రమే వచ్చి మట్టము వ్రాసుకొంటే మధ్యలో నీరు ఎంత పెరిగినదో, ఎంత తగ్గినదో తెలియదు. గంటకొకసారి వ్రాసుకొంటే బాగా తెలుస్తుంది. అలాగే ఆ బద్ద మీద అడుగుల గీతలు మాత్రమే ఉంటే అంగుళము తేడా కనబడదు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే చిన్న తేడా కూడ దొరుకుతుంది.

శబ్దమును అంకెలుగా వ్రాసే పద్ధతి ఇదే. సీడీలో శబ్దపు అలను సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. దీనినే 44.1 కిలోహెర్ట్జ్ అంటారు. ఆ కొలబద్ద మీద 65,536 మెట్లు ఉంటాయి. దీనిని 16 బిట్లు అంటారు. హై-రెజల్యూషన్ అనేది ఇంతకంటె సన్నని కొలత. సాధారణముగా 24 బిట్లు, అంటే 1,67,77,216 మెట్లు. కొలిచేది సెకనుకు 96,000 సార్లు, లేదా 1,92,000 సార్లు. దుకాణములో పెట్టె మీద 24/96, 24/192 అని కనబడే అంకెలకు అర్థము ఇదే.

ఇంకొక మాట కూడ తెలుసుకోవలెను. అంకెలుగా మారిన పాటను ఇంటర్నెట్టులో పంపుటకు చిన్నది చేస్తారు. దానికి రెండు విధములు. ఎంపీ3 వంటివి చేటలో చెరిగినట్లు, చెవికి అంతగా తెలియదనుకొన్న భాగమును తీసివేస్తాయి. మితముగా చెరిగితే నష్టము కనబడదు. మరీ ఎక్కువ చెరిగితే పొట్టుతో పాటు గింజ కూడ పోతుంది. ఫ్లాక్ వంటివి దూదిని బోరెములో త్రొక్కి కుక్కినట్లు పాటను చిన్నది చేస్తాయి. విప్పినప్పుడు ఒక్క పోగు కూడ తగ్గదు. ఇట్టి పద్ధతిని లాస్‌లెస్, అంటే నష్టము లేనిది, అంటారు.

ఈ సేవలు ఇప్పుడు మన దేశములోను ఉన్నవి. ఆపిల్ మ్యూజిక్ 2021లో లాస్‌లెస్ పాటలను అదనపు రుసుము లేకుండ ఇచ్చుట మొదలుపెట్టినది. అందులో కొన్ని 24/192 వరకు ఉంటాయి. స్పాటిఫై 2025లో 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ వరకు లాస్‌లెస్ తెచ్చినది. అయితే ఏ చందాకు ఏమి ఇస్తున్నారో తరచు మారుతుంటుంది గనుక చేరే ముందు స్వయముగా చూచుకోండి.

మన చెవికి తేడా తెలుస్తుందా?

దుకాణదారుడు తెలుస్తుందనే చెబుతాడు. కాని పరీక్షలు ఏమి చెబుతున్నవో చూడవలెను.

మంచి వినికిడి గల యౌవనస్థుని చెవి 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల శబ్దమును వింటుంది. ఒక శబ్దమును సరిగా పట్టుకొనుటకు దాని కంపనముల సంఖ్యకు రెట్టింపు కంటె కొంచెము ఎక్కువ సార్లు కొలిస్తే చాలు. సీడీకి 44,100 అనే సంఖ్య వచ్చినది అందుకే. వయస్సు పైబడినకొద్దీ పై భాగపు శబ్దములు వినబడుట తగ్గిపోతుంది. మా వయస్సువారికి, అంతకు పైవారికి ఆ 20,000 దరిదాపులకు కూడ చెవి పోదు.

2007లో అమెరికాకు చెందిన మేయర్, మోరన్ అను ఇద్దరు ఒక పరీక్ష ఫలితమును ప్రచురించారు. హై-రెజల్యూషన్ డిస్కులను ఒకసారి నేరుగాను, మరొకసారి సీడీ కొలతకు తగ్గించియు వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు చేసిన ఆ పరీక్షలో సరియైన జవాబులు దాదాపు సగమే. నాణెము ఎగురవేసి చెప్పినా అంతే వస్తుంది. 2016లో లండను నగరములోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమునకు చెందిన జాషువా రీస్, అట్టి 18 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కకట్టాడు. 12,500కు పైగా ప్రయత్నములలో సరియైనవి నూటికి 52 చిల్లర. శిక్షణ పొందిన శ్రోతలలో అది మరికొంత ఎక్కువ. కాబట్టి తేడా బొత్తిగా లేదని చెప్పలేము గాని, ఉన్నది బహు స్వల్పము.

అయితే తక్కువ రకపు ఎంపీ3కి, సీడీకి మధ్య తేడా అటువంటిది కాదు. ఎన్నో ఫోన్లు మారి, వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన పాటను, అదే పాట సీడీలో ఉన్నదానితో పోల్చి చూడండి. తాళముల చప్పుడు నీటిలో నుండి వచ్చినట్లు ఉంటుంది. స, శ, ష అక్షరములు బుసకొట్టినట్లు ఉంటాయి. పెద్దలకు కూడ ఈ తేడా తెలుస్తుంది. కనుక మనము కోరదగిన మొదటి మెట్టు లాస్‌లెస్, అంటే సీడీ నాణ్యత. దానిపైన ఉన్న 24/192 మొదలైనవి దొరికితే వినవచ్చు, దొరకకపోతే విచారపడనవసరము లేదు.

ఇంటర్నెట్టు లెక్క

నెట్టు ఖర్చును కూడ లెక్కలో వేసుకోవలెను. మూడు నిమిషముల పాట ఒకటి, ఆపిల్ సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారము, మామూలు మంచి నాణ్యతలో 6 ఎంబీ పడుతుంది. 24/48 లాస్‌లెస్‌లో 36 ఎంబీ, 24/192లో 145 ఎంబీ పడుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ఫోను ప్యాకులో 24/192 పాటలు పది వింటే ఆ రోజు నెట్టు ముగిసినట్లే. పిల్లవాని చదువు, వ్యవసాయపు ధరలు, దూరాన ఉన్న కుమార్తెతో వీడియో మాట, అన్నీ ఆ పది పాటలకు బలి అవుతాయి.

ఇంటికి ఫైబర్ కనెక్షను ఉన్నవారికి ఈ చింత లేదు. లేనివారు యాప్‌లో నాణ్యతను రెండు విధములుగా పెట్టుకోవచ్చు. మొబైల్ నెట్టు మీద మామూలు నాణ్యత, వైఫై మీద లాస్‌లెస్. పట్టణములోని పిల్లల ఇంటికి వెళ్ళినప్పుడు వైఫై మీద పాటలను డౌన్‌లోడు చేసుకొని వస్తే గ్రామములో నెట్టు లేకుండానే వినవచ్చు. చందా కట్టినంత కాలమే ఆ పాటలు పలుకుతాయని మరువకండి. మీ దగ్గర ఉన్న సీడీలను కంప్యూటరులో ఫ్లాక్‌గా మార్చి పెన్‌డ్రైవులో దాచుకొంటే చందా కూడ అవసరము లేదు.

ఏమేమి కావలెను?

పాట మన చెవికి చేరేలోపు నాలుగు మజిలీలు దాటుతుంది. మొదటిది మూలము, అంటే యాప్ లేక ఫైలు. రెండవది డాక్, అంకెలను తిరిగి శబ్దపు కరెంటుగా మార్చే చిన్న పరికరము. మూడవది యాంప్లిఫయరు. నాలుగవది స్పీకర్లు. పాత స్టీరియో ఉన్నవారికి చివరి రెండు ఇప్పటికే ఇంట్లో ఉన్నవి. మొదటిది ఫోనులో ఉన్నది. ఇక కావలసినది రెండవది మాత్రమే.

హెడ్‌ఫోను రంధ్రము ఉన్న ఫోనులో డాక్ లోపలే ఉంటుంది. రంధ్రము లేని ఫోనుకు టైప్-సి డాక్ అనే వ్రేలెడు పరికరము దొరుకుతుంది. సాధారణ రకము కొన్ని వందల రూపాయల నుండి రెండు మూడు వేల లోపు ఉంటుంది. దీనితోనే సీడీ నాణ్యత పూర్తిగా అందుతుంది. ఒక సంగతి గమనించండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తమలో నుండి వెళ్ళే శబ్దమును 48 కిలోహెర్ట్జ్ కొలతకు మార్చి పంపుతాయి. ఐఫోనులో కూడ 48 దాటిన కొలతకు బయటి డాక్ కావలెను. అందుకే యాప్‌లో 192 అని కనబడినంత మాత్రాన స్పీకరుకు 192 చేరినట్లు కాదు.

బ్లూటూత్ సంగతి చెప్పవలెను. తీగ లేకపోవుట సుఖమే. కాని సాధారణ బ్లూటూత్ పాటను మరల చిన్నది చేసి పంపుతుంది. సీడీకి సెకనుకు 1,411 కిలోబిట్లు కావలెను. బ్లూటూత్‌లో మేలైనదని పేరున్న ఎల్‌డాక్ పద్ధతి కూడ గరిష్ఠముగా 990 మాత్రమే పంపుతుంది. లాస్‌లెస్‌కు చందా కట్టి బ్లూటూత్‌లో వినుట, మంచి పాలు కొని దారిలో నీళ్ళు కలిపించుకొనుట వంటిది. తీగయే మేలు.

కలిపే విధానము

1. ముందుగా స్టీరియో స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయండి. అటక మీద ఉన్న సెట్టయితే దుమ్ము దులిపి, ఎలుకలు తీగలు కొరికినవేమో చూడండి. కొరికియుంటే మెకానిక్కు చూచిన తరువాతనే కరెంటు ఇవ్వండి.

2. ఒక చివర హెడ్‌ఫోను పిన్ను, మరొక చివర ఎరుపు, తెలుపు పిన్నులు రెండు ఉన్న తీగ కొనండి. రెండు పిన్నుల చివరను స్టీరియో వెనుక ఆక్స్, సీడీ, లేక టేప్ ఇన్ అని వ్రాసియున్న చోట పెట్టండి. ఫోనో అని వ్రాసియున్న చోట పెట్టకండి. అది గ్రామఫోను రికార్డు ప్లేయరు కొరకు చేసినది. సన్నని కరెంటును చాలా రెట్లు పెంచుతుంది గనుక ఫోను పాట అక్కడ పగిలిపోయినట్లు వినబడుతుంది.

3. స్పీకరు తీగలలో ఎరుపు ఎరుపునకు, నలుపు నలుపునకు కలిపినారో లేదో రెండు ప్రక్కలా చూడండి. ఒక ప్రక్క తారుమారైతే పాడేవారి స్వరము మధ్యలో నిలువక గదిలో చెదిరిపోతుంది, క్రింది స్వరములు పలుచబడతాయి. చాలా ఇండ్లలో ఉన్న లోపము ఇదే.

4. యాంప్లిఫయరు శబ్దము పూర్తిగా తగ్గించి అప్పుడు కరెంటు ఇవ్వండి. ఫోను శబ్దము ముక్కాలు వంతు పెట్టి, తరువాత యాంప్లిఫయరును నెమ్మదిగా పెంచండి.

5. యాప్ సెట్టింగులలో ఆడియో నాణ్యత అనే చోట లాస్‌లెస్ ఎంచుకోండి. చాలా వాటిలో అది మనము పెడితేనే మొదలవుతుంది. ఫోనులోని ఈక్వలైజరు, బాస్ బూస్టు అన్నీ ఆపివేయండి.

6. గుయ్యిమని హోరు వస్తే ఫోను చార్జరు తీసి చూడండి. తరచు అక్కడే పోతుంది. పోకపోతే ఇంటి ఎర్తింగు సరిచూపించుకోండి. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు అన్ని ప్లగ్గులూ తీసివేయండి.

పెద్దాయన మాట

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామములో మా సంఘపు పెద్దాయన ఒకరు ఉన్నారు. యౌవనములో కీర్తనలు పాడించినవారు. కొన్నేండ్లుగా చూపు పోయినది. ఆయనకు రోజంతా తోడు పాటే. మనుమడు ప్రేమతో ఒక పెద్ద బ్లూటూత్ స్పీకరు కొనితెచ్చాడు. దాని దరువుకు కిటికీ తలుపులు అదిరేవి. మేము వెళ్ళినప్పుడు ఎలా ఉన్నదండీ అని అడిగితే, ఆయన తగ్గు స్వరముతో, "పాట వినబడుతోంది అయ్యగారూ, మాటే వినబడటం లేదు" అన్నారు.

మనుమడు నొచ్చుకోలేదు. ఆ సాయంత్రమే అటక మీది పాత స్టీరియోను దించాడు. దాని స్పీకర్లు రెండూ మునుపు బీరువా మీద, గోడ మూలలకు ఆనించి ఉండేవట. ఈసారి తాతగారి మంచమునకు ఎదురుగా రెండు స్టూళ్ళ మీద, ఆయన చెవి ఎత్తున, గోడకు రెండడుగులు ఎడముగా పెట్టాము. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కొక్కదాని నుండి ఆయన తలకు కూడ దాదాపు అంతే దూరము. వెనుక సిమెంటు గోడ మీద ఒక బొంత వ్రేలాడదీశాము. బాస్ తగ్గించాము. ఫోనును తీగతో కలిపాము. ఖర్చయినది తీగకు, టైప్-సి డాక్‌కు మాత్రమే.

"తాతయ్యా, ఇప్పుడెలా ఉంది?" అని మనుమడు అడిగాడు. ఆయన జవాబు చెప్పలేదు. రెండవ చరణము అందుకొని పాడసాగారు.

ఆ గదిలో మారినది బిట్ల సంఖ్య కాదు. స్పీకర్ల స్థలము, గోడ ప్రతిధ్వని, తీగ. డాబా ఇండ్లలో సిమెంటు గోడలు, నున్నని నేల శబ్దమును తిప్పికొడతాయి. గది మధ్య నిలిచి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. టంగుమని మ్రోగితే మాట మాటలో కలిసిపోతుంది. కర్టెన్లు, పరుపు, నేల మీద జంపఖానా, గోడకు బొంత, ఇవే దానికి మందు. తాటాకు ఇండ్లలోను, సామాను నిండుగా ఉన్న గదులలోను ఈ బాధ తక్కువ. ఈ మార్పులు చేయకుండ వేలు పోసి క్రొత్త డాక్ కొనుట వలన ప్రయోజనము లేదు.

ఏ పాటలు దొరుకుతాయి?

మన తెలుగు క్రైస్తవ పాటలలో ఎక్కువ భాగము ప్రజలు వినేది యూట్యూబులో. యూట్యూబు శబ్దము చెరిగి పంపినదే, లాస్‌లెస్ కాదు. లాస్‌లెస్ యాప్‌లలో తెలుగు క్రైస్తవ ఆల్బములు ఉన్నవి గాని మీరు కోరిన కీర్తన, మీరు కోరిన గాయకుని స్వరములో ఉంటుందన్న హామీ లేదు. చందా కట్టే ముందు ఉచిత గడువులో మీ ఇంటివారు కోరే పది పాటల పేర్లు వ్రాసుకొని వెదకి చూడండి. పదిలో రెండే దొరికితే ఆ చందా మీకు తగినది కాదు.

లేబులును చూచి మోసపోవద్దు. పాత క్యాసెట్టు నుండి ఎక్కించిన కీర్తనకు 24 బిట్ల ముద్ర వేసినంత మాత్రాన ఆ టేపులో లేనిది క్రొత్తగా రాదు. టేపు బుస మాత్రము మరింత నమ్మకముగా వినబడుతుంది.

బాగా రికార్డు చేయబడిన సంగీతము వినవలెనంటే హాండెల్ రచించిన మెస్సయా వంటివి హై-రెజల్యూషన్‌లో ఎన్నో ఉన్నవి. అందులోని హల్లెలూయా బృందగానము మన పట్టణ సంఘములలో క్రిస్మస్‌కు పాడుట విన్నవారికి అది క్రొత్త కాదు. మంచి స్టీరియోలో నాలుగు స్వరములు వేరువేరుగా తెలుస్తాయి. గాయక బృందములోని పిల్లలకు ఇది మంచి పాఠము. తమ స్వరము ఎక్కడ ఎత్తుకోవలెనో, ప్రక్కవారి కొరకు ఎక్కడ తగ్గవలెనో చెవితో నేర్చుకొంటారు.

ఆ మెస్సయాను గూర్చి మరొక సంగతి. హాండెల్ దానిని 1741లో వ్రాశాడు. మొదటిసారి 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిను నగరములో పాడారు. ఆ రోజు వచ్చిన సొమ్ము రెండు ఆసుపత్రులకు, అప్పుల వలన చెరసాలలో ఉన్నవారి విడుదలకు పంచారు. 142 మంది ఋణగ్రస్తులు దాని వలన విడుదల పొందారు. ఋణస్థులను విడిపించిన ఆ పాటను వినుటకు మనము ఋణములో పడుట తగునా? అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతల గ్రంథము చెప్పిన సంగతి (సామె. 22:7) మన పల్లెలకు ఎవరూ బోధించనవసరము లేదు.

24 బిట్లు నిజముగా పనికివచ్చే చోటు ఒకటి ఉన్నది. అది వినేటప్పుడు కాదు, రికార్డు చేసేటప్పుడు. స్వరము ఒక్కసారి హెచ్చినా పగలకుండ, తగ్గినా బుసలో మునగకుండ పట్టుకొనుటకు అందులో చోటు ఎక్కువ. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలైన భక్తులు వ్రాసిన కీర్తనలకు కొన్ని గ్రామములలో పెద్దమ్మలు పాడే వరుసలు పుస్తకములో లేవు, యూట్యూబులో లేవు. వారితోనే ఉన్నవి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఫోనును మూరెడు దూరములో పెట్టి, రికార్డరు యాప్‌లో వేవ్ ఫైలును ఎంచుకొని పాడించండి. 24 బిట్లు ఇచ్చే యాప్ అయితే మరీ మంచిది. లోకములోని ఏ కంపెనీ అమ్మని పాట అది.

ఎంత శబ్దము?

మంచి స్టీరియో చేతికి రాగానే పెంచాలనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారము పెద్దలకు 80 డెసిబెల్‌ల శబ్దము వారానికి 40 గంటల వరకు, పిల్లలకు 75 డెసిబెల్‌లు అంతే కాలము క్షేమము. ఆపైన మూడు డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారి ఆ కాలము సగమవుతుంది. అంటే పెద్దలకు 83 అయితే 20 గంటలే. గదిలో ఒకరితో ఒకరు మాట్లాడుటకు అరవవలసి వస్తే పాట మితిమీరినదని తెలుసుకోండి. మన దేశపు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల హద్దు పెట్టినవి. ప్రక్క ఇంటి పసిబిడ్డ నిద్రను, పరీక్షకు చదివే పిల్లను గౌరవించుట కూడ మన సాక్ష్యములో భాగమే. ఏలీయాకు దేవుడు సుడిగాలిలోను భూకంపములోను కాక మెల్లని స్వరములో మాట్లాడిన సంగతి (1 రాజులు 19:11-13) మనకు తెలుసు గదా.

కట్టకడపటి మాట

గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28-30). స్టీరియో విషయములోను వరుస ఇదే. ముందు ఉన్న స్పీకర్లను సరియైన చోట పెట్టండి. అది ఉచితము. తరువాత తీగ, డాక్ కొనండి. తరువాత ఉచిత గడువులో లాస్‌లెస్ విని చూడండి. ఇంటిలో ముగ్గురికైనా తేడా తెలిసి, సంతోషము కలిగితే చందా కట్టండి. ఇంతయు చేసిన తరువాత ఇంకా కొరత ఉన్నదని తోస్తే, డబ్బు కూడబెట్టుకొని మొదట మార్చవలసినవి స్పీకర్లు. 192 అనే అంకె చిట్టచివరిది.

దావీదు కాలములో యెహోవాకు పాటలు పాడుటకు నేర్పరులైనవారు 288 మంది ఉన్నారని వ్రాయబడినది (1 దిన. 25:7). పాటను శ్రద్ధతో పాడుట ఆరాధన అయితే శ్రద్ధతో వినుట కూడ దానికి దూరము కాదు. వారానికి ఒక్క సాయంత్రము టీవీ ఆపి, ఫోన్లు ప్రక్కన పెట్టి, ఒక్క కీర్తనను మొదటి చరణము నుండి చివరి చరణము వరకు ఇంటిల్లిపాది వినండి. తరువాత స్టీరియో ఆపి మీరే పాడండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:

1. మన ఇంటిలో పాట సరిగా వినబడనివారు ఎవరైనా ఉన్నారా? వారి కొరకు ఏమి మార్చవచ్చు?

2. మనము వాయిదాల మీద కొన్న వస్తువులలో నేటికీ ఉపయోగములో ఉన్నవి ఎన్ని?

3. మన పెద్దలకు మాత్రమే తెలిసిన కీర్తన ఏది? ఈ నెలలో దానిని ఎవరు రికార్డు చేస్తారు?

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.